పట్టు పురుగుల పెంపకంలో సున్నం – గుణాలు, తయారీ, వాడకం



పట్టు రైతు ఇంట సున్నం లేకుండా ఉండదు. షెడ్డు కడగడానికి, పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు పడకపై చల్లడానికి, వాకిట్లో చల్లడానికి, రోగం వచ్చిన పురుగులను పూడ్చడానికి సున్నమే కావాలి. మందులన్నింటిలోకి చవకైనది కావడం వల్ల దాని నాణ్యతను ఎవరూ పట్టించుకోరు. సంక్రాంతికి గోడలకు వేయగా మిగిలిన సున్నం, ఏడాది క్రితం విప్పిన బస్తాలోని సున్నం కూడా పంటకు వాడేస్తుంటారు. పంట చివరిలో పాలరోగం కనిపిస్తే "సున్నం చల్లాం కదా, అయినా ఎందుకు వచ్చింది?" అని అడుగుతారు.

తెల్లగా ఉన్నదంతా పనిచేసే సున్నం కాదు. గాలి తగిలి చచ్చిన సున్నం కూడా అంతే తెల్లగా, అంతే మెత్తగా ఉంటుంది. దానిని పడకపై చల్లితే కాస్త తేమ పీల్చుకుంటుందే తప్ప రోగక్రిములను ఏమీ చేయలేదు. ఆ తేడా ఇంట్లోనే కనిపెట్టడం, పంట పంటకు మంచి సున్నం ఇంటివద్దే తయారు చేసుకోవడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒకే పేరు – మూడు పదార్థాలు

మనం సున్నం అని పిలిచే దానిలో మూడు వేర్వేరు పదార్థాలు ఉన్నాయి.

1. సున్నపురాయి. భూమిలో దొరికే రాయి. రసాయన శాస్త్రంలో దీని పేరు కాల్షియం కార్బొనేట్. సముద్రతీరంలో దొరికే గుల్లలు కూడా ఇదే పదార్థం.

2. కాల్చిన సున్నం. సున్నపురాయిని బట్టీలో కాల్చగా వచ్చే తెల్లని గడ్డలు. దీని పేరు కాల్షియం ఆక్సైడ్. ఇది కాల్షియం అనే లోహం, ఆక్సిజన్ కలిసి ఏర్పడిన పదార్థం.

3. చల్లార్చిన సున్నం. కాల్చిన సున్నంపై నీళ్ళు చల్లగా వచ్చే మెత్తని పొడి. దీని పేరు కాల్షియం హైడ్రాక్సైడ్. పట్టు పురుగుల పెంపకంలో వాడవలసినది ఇదే.

పేర్ల దగ్గర ఒక ప్రమాదం ఉంది. బడి పుస్తకాలలో కాల్చిన సున్నాన్ని "పొడిసున్నం" అని, చల్లార్చిన దానిని "తడిసున్నం" అని రాస్తారు. రైతులు మాత్రం "సున్నం పొడి" అంటే చల్లార్చిన సున్నం అనుకుంటారు. కాబట్టి ఎవరైనా "పొడిసున్నం చల్లండి" అని చెబితే, ఏ సున్నమో అడిగి తెలుసుకోవాలి. కాల్చిన సున్నాన్ని నలగగొట్టి పురుగులపై చల్లితే, పడకలోని తేమకే అది వేడెక్కి పురుగుల చర్మాన్ని, చల్లేవారి చేతులను, కళ్ళను కాలుస్తుంది.

సరిహద్దు గ్రామాల రైతులు సరుకు కొనేటప్పుడు ఆ ప్రాంతపు మాట తెలిసి ఉండాలి. కన్నడంలో కాల్చిన సున్నాన్ని "సుట్ట సుణ్ణ" అని, చల్లార్చిన దానిని "అరళిద సుణ్ణ" అని అంటారు. తమిళంలో "సుట్ట సుణ్ణాంబు" కాల్చినది, "నీట్రియ సుణ్ణాంబు" చల్లార్చినది. మరాఠీలో "కళీచా చునా" అంటే కాల్చిన సున్నం.

సున్నం ఎలా పుడుతుంది, ఎలా చస్తుంది?

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి కాలిస్తే, రాయిలోని బొగ్గుపులుసు వాయువు పైకి పోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. శుద్ధమైన రాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల కాల్చిన సున్నం వస్తుంది. మిగిలిన 44 కిలోలు వాయువుగా పోతుంది. అందుకే బాగా కాలిన గడ్డ చేతికి తేలికగా ఉంటుంది. బరువుగా ఉన్న గడ్డలో కాలని రాయి ఉన్నట్లు లెక్క.

ఈ గడ్డపై నీళ్ళు పోస్తే బుస్సుమని పొంగి, ఆవిరి చిమ్మి, పగిలి పొడి అవుతుంది. 56 కిలోల కాల్చిన సున్నం 18 కిలోల నీటిని తనలో కలుపుకుని 74 కిలోల చల్లార్చిన సున్నం అవుతుంది. అంటే 1 కిలో గడ్డకు సుమారు 1 కిలో 320 గ్రాముల పొడి రావాలి.

చల్లార్చిన సున్నం గాలిలో ఉంటే, గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంచెం కొంచెంగా పీల్చుకుని మళ్ళీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే బట్టీలో పోయిన వాయువు తిరిగి చేరి, సున్నం మళ్ళీ సున్నపురాయే అవుతుంది, కాకపోతే పొడి రూపంలో. గోడకు వేసిన సున్నం గట్టిపడేది ఇందుకే. గోడకు ఈ గుణం మంచిదే గాని, బస్తాలోని సున్నానికి ఇదే చావు. కాల్చిన గడ్డలు కూడా మూత లేకుండా ఉంచితే ముందు గాలిలోని తేమను, తర్వాత వాయువును పీల్చుకుని, ఎవరూ నీళ్ళు చల్లకుండానే పొడి అవుతాయి. అలా తనంతట తాను రాలిన పొడి పంటకు పనికిరాదు.

పల్నాడు జిల్లా పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరు పొందిన ఊరు. ఎంత మంచి బట్టీలో కాలిన సున్నమైనా, దుకాణంలో మూతి విప్పిన బస్తాలో నెలల తరబడి ఉంటే బలం పోతుంది. కాబట్టి ఎక్కడి సరుకు అని అడగడంతో పాటు, ఎప్పుడు వచ్చిన సరుకు అని కూడా అడగాలి.

రోగంపై సున్నం ఎలా పనిచేస్తుంది?

సున్నానికి మూడు గుణాలు ఉన్నాయి: తేమను పీల్చడం, తీవ్రమైన క్షారగుణం, పాలరోగపు వైరస్ కవచాన్ని కరిగించడం.

పడకలో తేమ తగ్గితే బూజు, బాక్టీరియా పెరుగుదల తగ్గుతుంది. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు సున్నం చల్లితే మిగిలిన ఆకు కూడా త్వరగా ఎండిపోతుంది. ముందు లేచిన పురుగులకు ఆకు దొరకదు కాబట్టి, వెనుక లేచినవి వాటితో కలిసి మేతకు వస్తాయి. పంట ఒకే ఈడుగా సాగుతుంది.

చల్లార్చిన సున్నం నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. లీటరు నీటిలో సుమారు 1.7 గ్రాములు మాత్రమే. ఆ కొద్ది సున్నంతోనే నీటి ఉదజని సూచిక 12 దాటుతుంది.

ఇక పాలరోగం, అంటే గ్రాసరీ సంగతి. రోగం వచ్చిన పురుగు ఉబ్బి, చర్మం పలచబడి, పడక అంచుల వెంట తిరుగుతుంది. చర్మం చిట్లితే పాలవంటి ద్రవం కారుతుంది. ఆ ద్రవంలో లెక్కలేనన్ని సన్నని స్ఫటికాలు ఉంటాయి. వైరస్ ఈ స్ఫటికాల లోపల, పెట్టెలో గింజల మాదిరి భద్రంగా దాగి ఉంటుంది. అందుకే షెడ్డు పగుళ్ళలో, తట్టల సందుల్లో, మట్టిలో చాలా కాలం చావకుండా ఉండి, తర్వాతి పంటను పట్టుకుంటుంది.

ఈ పెట్టె మామూలు నీటికి కరగదు. క్షారంలో కరుగుతుంది. పట్టు పురుగు కడుపులోని రసం క్షారగుణం కలది. కలుషితమైన ఆకుతో పాటు స్ఫటికం లోపలికి పోయినప్పుడు, ఆ రసానికి పెట్టె కరిగి వైరస్ బయటపడి పురుగును పట్టుకుంటుంది. సున్నం చేసే పని ఏమిటంటే, పురుగు కడుపులో కరగవలసిన పెట్టెను ముందుగానే బయట కరిగించడం. కవచం పోయిన వైరస్‌ను సున్నపు క్షారం, బ్లీచింగ్‌లోని క్లోరిన్ సులభంగా చంపుతాయి. బ్లీచింగ్ ద్రావణంలో సున్నం కలపమని చెప్పేది ఇందుకే. చచ్చిన సున్నానికి ఈ క్షారగుణం లేదు కాబట్టి పెట్టె కరగదు, లోపలి వైరస్ చావదు.

రెండు సులభ పరీక్షలు

పంట మొదలు పెట్టే ముందు ఈ రెండు పరీక్షలు చేసుకోండి. పది నిమిషాల పని.

పసుపు పరీక్ష. గ్లాసు నీటిలో చెంచా సున్నం కలిపి, తేరిన తర్వాత పైతేటలో చిటికెడు పసుపు వేయాలి. సున్నంలో బలం ఉంటే వెంటనే పారాణి మాదిరి ఎర్రబడుతుంది. పసుపు పచ్చగానే ఉంటే ఆ సున్నం పూర్తిగా చచ్చినట్లే.

నిమ్మరసం పరీక్ష. సగం చచ్చిన సున్నం కూడా పసుపును ఎర్రగా మారుస్తుంది. అందుకని రెండో పరీక్ష కూడా చేయాలి. చిటికెడు సున్నం పొడిపై రెండు చెంచాల నిమ్మరసం పోయాలి. మంచి సున్నం పెద్దగా నురగ లేకుండా కలిసిపోతుంది. నాలుగైదు బుడగలు వస్తే ఫరవాలేదు. సోడా మాదిరి బుసబుస నురగ పొంగితే, అందులో కార్బొనేట్ ఎక్కువగా ఉందని, సున్నం చచ్చిందని అర్థం.

పసుపు ఎర్రబడాలి, నిమ్మరసం పొంగకూడదు. రెండూ కుదిరితేనే పంటకు వాడండి. కుదరని సున్నాన్ని పంటకు మాత్రం వాడకండి.

చల్లార్చిన సున్నం తయారీ

1. తేలికైన, గట్టి గడ్డలను ఎంచుకోవాలి. ఇప్పటికే పొడి రాలిన బస్తా కొనరాదు.

2. ఆరుబయట, గడ్డివాములకు, పూరిపాకలకు, రేరింగు షెడ్డుకు దూరంగా చోటు చూసుకోవాలి. ఇనుప డ్రమ్ము గాని, రాతితొట్టి గాని, బండ పరచిన నేల గాని వాడాలి. ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి కరిగిపోతుంది. సున్నం పొంగుతుంది కనుక డ్రమ్ములో మూడో వంతుకు మించి గడ్డలు వేయరాదు.

3. గడ్డలను నిమ్మకాయంత ముక్కలుగా కొట్టి పరచాలి. 10 కిలోల గడ్డలకు 5 నుంచి 6 లీటర్ల నీళ్ళు సిద్ధం చేసుకోవాలి. లెక్కకు 3 లీటర్ల పైచిలుకే చాలు గాని, వేడికి కొంత ఆవిరైపోతుంది.

4. గాలి వచ్చే వైపు నిలబడి, ముఖం దూరంగా ఉంచి, పూలకుండీలకు పోసే డబ్బాతో కొంచెం కొంచెంగా నీళ్ళు చల్లాలి. ఒక్కసారిగా కుమ్మరించరాదు. పొడవాటి కర్ర ఉన్న పారతో తిరగేస్తూ ఉండాలి.

5. పొగలు తగ్గి గడ్డలు పొడిగా విరిగిన తర్వాత, గోనెపట్టా కప్పి 24 గంటలు వదిలేయాలి. ఎక్కువగా కాలిన గడ్డలు ఆలస్యంగా విరుగుతాయి. వాటికి ఈ సమయం కావాలి.

6. బాగా చల్లారిన తర్వాత సన్నని జల్లెడతోగాని, పలుచని గుడ్డతోగాని జల్లించాలి. మిగిలిన రాళ్ళు కాలనివి, పనికిరానివి.

7. పొడిని తూకం వేయాలి. 10 కిలోల శుద్ధమైన గడ్డలకు 13 కిలోల పైన రావాలి. పొడి ఆరి ఉండి, 10 కిలోల కంటే తక్కువ వస్తే సరుకు మంచిది కాదని తెలుసుకుని, మరుసటిసారి దుకాణం మార్చండి.

8. పాలిథీన్ సంచిలో నింపి, గాలి లేకుండా మూతి బిగించి, దానిని మరో గోనెసంచిలో పెట్టి, చెమ్మ తగలని ఎత్తైన చోట ఉంచాలి. చిన్న చిన్న సంచులుగా కట్టుకుంటే, ఒకటి విప్పినా మిగిలినవి చెడవు. ఒక పంటకు కావలసినంతే తయారు చేసుకోవాలి.

నీళ్ళు ఎక్కువై ముద్ద అయిన సున్నాన్ని ఎండబెట్టి పొడి చేయరాదు. ఎండేలోపే అది గాలికి చస్తుంది. ఆ ముద్దను వెంటనే గోడలకు పూయడానికి వాడుకోవచ్చు.

వాడే పద్ధతి, మోతాదు

షెడ్డు శుద్ధికి. 100 లీటర్ల నీటికి చల్లార్చిన సున్నం 300 గ్రాములు, మంచి బ్లీచింగ్ పౌడరు 2 కిలోలు కావాలి. ముందుగా సున్నం నీళ్ళు తయారు చేయాలి. బ్లీచింగ్‌ను కొద్ది సున్నం నీటితో ముద్దగా కలిపి, తర్వాత మిగిలిన నీటిలో కలపాలి. సున్నమంతా కరగదు కనుక గుడ్డలో వడకట్టి స్ప్రేయరులో పోయాలి. వేడినీళ్ళు వాడనవసరం లేదు. సున్నం వేడినీటిలో కంటే చన్నీటిలోనే ఎక్కువ కరుగుతుంది. షెడ్డు నేల వైశాల్యంలో చదరపు మీటరుకు సుమారు 2 లీటర్ల చొప్పున గోడలు, కప్పు, నేల, స్టాండ్లు, తట్టలు బాగా తడపాలి. కనీసం అరగంట తడి ఆరకుండా ఉంటేనే మందు పనిచేస్తుంది. ఉదాహరణకు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల షెడ్డుకు సుమారు 110 లీటర్లు కావాలి. అంటే బ్లీచింగ్ 2 కిలోల 200 గ్రాములు, సున్నం 330 గ్రాములు. కలిపిన ద్రావణం ఆ పూటే వాడాలి.

షెడ్డు చుట్టూ, దారుల్లో. సున్నం 9 కిలోల 500 గ్రాములు, బ్లీచింగ్ 500 గ్రాములు కలిపి చదరపు మీటరుకు 200 గ్రాముల చొప్పున చల్లాలి. ఈ 10 కిలోలు 50 చదరపు మీటర్లకు వస్తాయి.

జ్వరం సమయంలో. నూటికి తొంభై పురుగుల పైగా జ్వరానికి కూర్చున్న తర్వాత, పలుచని గుడ్డలో పొడి మూటకట్టి, పడక అంతటా సమంగా రాలేటట్లు దులపాలి. చదరపు అడుగుకు చాకీ పురుగులకు 3 గ్రాములు, పెద్ద పురుగులకు 5 గ్రాములు చాలు. 100 చదరపు అడుగుల పడకకు అరకిలో మించదు. మందంగా పోయరాదు.

వానాకాలంలో అయిదో దశలో. పడక తడిగా ఉంటే, ఆకు మొత్తం తిన్న తర్వాత, మేత వేయడానికి అరగంట ముందు పలుచగా చల్లవచ్చు. పురుగులు ఆకు తింటూ ఉండగా చల్లరాదు.

రోగం వచ్చిన పురుగులకు. సున్నం, బ్లీచింగ్ కలిపిన ద్రావణం ఒక బేసినులో పోసి షెడ్డులోనే ఉంచాలి. ఉబ్బిన, పాలు కారే పురుగులను చేతితో ముట్టకుండా పుల్లలతో తీసి అందులో వేయాలి. తర్వాత దూరంగా గుంటలో సున్నం చల్లి పూడ్చాలి. కోళ్ళకు వేయడం, పేడదిబ్బపై పారేయడం, మల్బరీ తోటలో విసరడం వంటివి చేస్తే రోగాన్ని మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నట్లే.

తసర్ రైతులకు. మహారాష్ట్ర సరిహద్దు అడవి గ్రామాలలో మద్దిచెట్లపై పెంచేవారు, పురుగులను చెట్టు ఎక్కించే ముందు మొదళ్ళ చుట్టూ నేలపై సున్నం 9 పాళ్ళు, బ్లీచింగ్ 1 పాలు కలిపి చల్లుకోవాలి. ఆకులపై పడనీయరాదు.

సున్నం చేయలేని పనులు

సున్నపుకట్టు రోగానికి ఆ పేరు వచ్చింది సున్నం వల్ల కాదు. చచ్చిన పురుగు సున్నపు కడ్డీ మాదిరి తెల్లగా, గట్టిగా మారుతుంది కాబట్టి. ఇది బూజు తెగులు. సున్నం పడకను పొడిగా ఉంచి దానిని కొంత అదుపు చేస్తుందే గాని, ఒక్క సున్నంతోనే అది పోదు. శాఖ సిఫారసు చేసిన విజేత, అంకుశ్ వంటి పడక మందులను జ్వరం నుంచి లేచిన పురుగులపై, మేతకు అరగంట ముందు చల్లాలి. ఒక మందుకు బదులు మరొకటి కాదు. జ్వరానికి కూర్చున్నప్పుడు సున్నం, లేచిన తర్వాత పడక మందు.

గంటురోగం, అంటే పెబ్రిన్, కలుషితమైన ఆకు తినడం వల్లనే కాక, తల్లి పట్టుపురుగు నుంచి గుడ్డు ద్వారా కూడా వస్తుంది. గుడ్డు లోపలి రోగాన్ని ఏ సున్నమూ ఆపలేదు. పరీక్ష చేసిన, రోగం లేని గుడ్లే తీసుకోవాలి.

జాగ్రత్తలు

కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా సున్నం చల్లార్చరాదు. పిల్లలను దరిదాపులకు రానివ్వరాదు. కంట్లో పడితే వెంటనే శుభ్రమైన నీటితో, రెప్పలు తెరచి పట్టుకుని, కనీసం 20 నిమిషాలు ధారగా కడిగి ఆసుపత్రికి తీసుకుపోవాలి. సున్నానికి విరుగుడని నిమ్మరసం, నూనె, పాలు కంట్లో పోయరాదు. ఆలస్యమైతే చూపు పోవచ్చు.

కాల్చిన సున్నపు బస్తా వానకు తడిస్తే, పక్కనున్న గడ్డికి, గోనెకు నిప్పు అంటుకునేంత వేడి పుడుతుంది. పూరిపాకలో నిలువ చేయరాదు. బ్లీచింగ్‌లో ఆమ్లాలు, ఫార్మాలిన్ ఎప్పుడూ కలపరాదు.

గుర్తుంచుకోండి

– పంటకు వాడవలసినది కొత్తగా చల్లార్చిన సున్నం.
– పసుపు ఎర్రబడాలి, నిమ్మరసం పొంగకూడదు.
– మూతి బిగించని సున్నం నిలువ ఉన్నకొద్దీ చస్తుంది.
– జ్వరానికి కూర్చున్నప్పుడు చల్లాలి, మేత తింటున్నప్పుడు కాదు.

ఒక పంట పోతే గుడ్ల డబ్బు ఒక్కటే పోదు. నెలరోజుల ఆకు, ఇంటిల్లిపాది శ్రమ, కూలి, బదులు తెచ్చిన సొమ్ము అన్నీ పోతాయి. అంత నష్టాన్ని ఆపగల సున్నం మన చేతిలోనే ఉంది. ఈసారి చాకీ తెచ్చుకునే ముందు ఇంట్లో ఉన్న సున్నపు బస్తా విప్పి, చిటికెడు పసుపు, ఒక నిమ్మచెక్కతో పరీక్ష చేయండి. సందేహం వస్తే ఆ పొడిని చిన్న పొట్లం కట్టి మీ దగ్గరలోని పట్టు పరిశ్రమ శాఖ సాంకేతిక సేవా కేంద్రానికి తీసుకురండి.